దూదిగుట్ట నైట్‌హాల్టు

జానయ్య డ్రైవరుకు దూదిగుట్ట రోడ్డు ఎంత బాగా తెలుసంటే, ఏ గుంతలో ఎడమ చక్రం దిగుతుందో, ఏ మలుపులో వెనక సీటు వాళ్ల తలలు పైకప్పుకు తగులుతాయో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఒక్కటే లోటు. ఆ రోడ్డును ఆయన పగటిపూట ఎన్నడూ చూడలేదు.

నమ్మకపోతే మీ ఇష్టం గానీ, అందులో వింతేమీ లేదు. అది నైట్‌హాల్టు బస్సు. చీకటి పడ్డాక దిల్‌సుఖ్‌నగర్‌లో బయలుదేరుతుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో కూలీనాలీ జనాన్ని, ఖాళీ గంపల వాళ్లను ఎక్కించుకుని, సాగర్ రోడ్డు పట్టి తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం దాటి, అక్కడ లోపలి దారికి మళ్లి, గుట్టలెక్కి దిగి దూదిగుట్ట చేరేసరికి ఊరు నిద్రలో ఉంటుంది. డ్రైవరు, కండక్టరు ఆ రాత్రికి పంచాయతీ ఆఫీసు అరుగు మీదే పడుకుంటారు. కోడి కూయకముందే బస్సు మళ్లీ పట్నం దారి పడుతుంది. మెయిన్ రోడ్డెక్కాక గానీ తెల్లారదు. పోవడం చీకట్లో, రావడం చీకట్లో. ఇలా తొమ్మిదేళ్లు నడిపాడు జానయ్య, హెడ్‌లైటు ఎంతవరకు పడితే అంతే లోకమనుకుని.

ఆ పంచాయతీ అరుగు మీద, తలుపు పక్కన గోడకు ఒక మేకు ఉండేది. రోజూ బస్సు కడిగి, బోరింగు దగ్గర నిమ్మళంగా స్నానం చేసి వచ్చేసరికి ఆ మేకుకు గుడ్డసంచి వేలాడుతూ కనిపించేది. సంచిలో స్టీలు డబ్బా. డబ్బాలో జొన్నరొట్టెలో, బువ్వో, ఒక ఆకుకూర, ఓ మూల కాస్త తొక్కు పచ్చడి, ఇంకో గిన్నెలో నువ్వులు వేయించి నూరి కలిపిన పచ్చిపులుసు. కండక్టర్లు ఎప్పటికప్పుడు మారిపోయేవాళ్లు, తమ తిండి తాము తెచ్చుకునేవాళ్లు. డబ్బా మాత్రం డ్రైవరుదని మొదటి రాత్రే ఎవరో చీకట్లోంచి కేకేసి చెప్పారు. జానయ్య కడుపునిండా తిని, పొద్దున డబ్బా కడిగి అదే మేకుకు తగిలించి పోయేవాడు.

ఎవరు పెడుతున్నారని అడగలేదా అంటే, అడిగాడు. తెల్లవారుజామున ఎక్కే వాళ్లను ఒక్కొక్కరినీ అడిగాడు. వాళ్లు నవ్వేవాళ్లు. "తిన్నవా లేదా? మంచిగున్నదా లేదా? గంతే. ఎవలదైతే నీకేంది?" అనేవాళ్లు. ఊరు ఊరంతా కూడబలుక్కున్నట్టు ఇదే మాట. చివరికి అడగడం మానేశాడు కానీ, మనసులో అనుకోవడం మానలేదు. ఆ ఊళ్లో ఏదో ఒక ఇంట్లో, తన ముఖం కూడా చూడని మనిషి, తనను తోడబుట్టినవాడిలా చూసుకుంటోందని ఆయన నమ్మకం. ఆ సంగతి తలుచుకుంటే ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో కూడా ఆయనకు కోపం వచ్చేది కాదు. రిటైరయ్యేలోపు ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకోవాలి, ఒక్కసారి ఎదురుగా నిలబడి దండం పెట్టాలి. అదొక్కటే ఆయన కోరిక.

రెండువేల పదకొండు సెప్టెంబరు నెలాఖరుకు ఆయన రిటైర్మెంటు. ఆ సెప్టెంబరులోనే సకల జనుల సమ్మె వచ్చింది. బడులు బంద్, ఆఫీసులు బంద్, బొగ్గు బాయిలు బంద్. తెలంగాణ వచ్చేదాకా స్టీరింగు ముట్టేది లేదని ఆర్టీసీ వాళ్లు కూడా బస్సులు డిపోల్లో పెట్టి గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. టెంటులో మొదటి వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా నినాదమిచ్చిన గొంతు జానయ్యదే. అందులో మాత్రం ఆయనకు ఏ అనుమానమూ లేదు.

కానీ మనిషన్నాక లోపల ఒకటి ఉంటుంది కదా. డ్రైవరు రిటైరయ్యే రోజున బస్సుకు బంతిపూల దండలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, డ్రైవరు మెడలో దండ వేసి ఆఖరి ట్రిప్పు పంపించడం డిపోలో ఆనవాయితీ. ఎంతమందికి ఆ దండలు వేసిన చేతులో జానయ్యవి! తన వంతు వచ్చేసరికి బస్సే కదలదు. "తెలంగాణ వస్తే సాలు, దండ లేకుంటే ఏమాయె" అని నలుగురిలో అనేవాడు. ఇంటికొచ్చి అన్నం సరిగా తినేవాడు కాదు. దండ పోతే పోయింది. దూదిగుట్టకు పోకుండానే నౌకరీ అయిపోతుందే, ఆ డబ్బా మనిషి ఎవరో తెలియకుండానే పోతుందే అన్నదే అసలు బాధ.

భార్య యాదలక్ష్మి రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు కసిరింది. "గట్ల గోడ దిక్కు సూసుకుంట కూసుంటే ఆమె వచ్చి నీ ముంగట నిలవడ్తదా? బస్సు లేకుంటే రోడ్డు లేదా? పోయి సూసిరా. ఎవతో గని తొమ్మిదేండ్లు నా మొగణ్ని ఆకలితోని పండనియ్యలే. ఉత్తచేతులతోని పోకు." అని, సగం షట్టరు దించి అమ్ముతున్న దిల్‌సుఖ్‌నగర్ కొట్లో దూరి ఆకుపచ్చ చీరొకటి తెచ్చి చేతిలో పెట్టింది.

రోడ్డుంది, చీర ఉంది, బండి లేదు. జీవితమంతా డిపోకు కూడా బస్సులోనే పోయిన మనిషికి బండి ఎక్కడిది? మేడ మీద కిరాయికి ఉండే సాంబమూర్తి గారి స్కూటీ అడిగాడు. ఆయనది గుడివాడ పక్క, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటరులో లెక్కలు చెప్తాడు. సమ్మె పుణ్యమా అని ఆయనకూ సెలవులే.

"బండికేం, తీసుకెళ్లండి జానయ్యగారూ," అన్నాడాయన తాళంచెవి ఇస్తూ. "కాకపోతే నెంబరు ఏపీ పదహారు. కృష్ణా జిల్లా అని చూడగానే తెలిసిపోతుంది. ఈ రోజుల్లో ఆ పల్లెటూళ్లలో మిమ్మల్ని పట్టుకుని ఏమన్నా అంటారేమోనండీ."

"నన్నా? దూదిగుట్ట తొవ్వల నన్నెవలంటరు సారూ? గది నా రోడ్డు," అని నవ్వాడు జానయ్య.

నెలాఖరు రోజు పొద్దున్నే బయలుదేరాడు. ముప్పయ్యేళ్లు బస్సు నడిపిన మనిషి స్కూటీ నడిపితే చూడాలి. సందు మలుపులో వెనక ఇంకా బస్సంత ఒళ్లు ఉన్నట్టు, ఎదుటివాడి గోడ దాకా పోయి తిప్పాడు. కుడికాలు బ్రేకు కోసం గాల్లో వెతికింది. ఎల్బీనగర్ స్టాపు రాగానే చెయ్యి తనంతట తానే బండిని ఎడమకు లాగింది, ఆగాక వెనక విజిల్ పడుతుందేమోనని కాసేపు ఎదురు చూశాడు కూడా. చౌరస్తాలో గుంపులుగా కూర్చున్న ధర్నా జనంలో ఒకడు "ఏం కాకా, పాసింజర్లెవ్వరూ ఎక్కలేదా?" అంటే సిగ్గుపడి ముందుకు పోయాడు.

సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దగ్గర బండలు అడ్డం పెట్టి రాస్తారోకో చేస్తున్నారు. జానయ్య దిగి వాళ్లతో పాటు రెండు నినాదాలిచ్చి, చాయ తాగి, వాళ్లు చూపించిన పొలం బాటన ఇబ్రహీంపట్నం తేలాడు. అక్కడ లోపలి దారికి మళ్లాడో లేదో, ఆయనకు తన రోడ్డు కొత్త పెళ్లికూతురిలా కనబడ్డం మొదలుపెట్టింది.

ముందు జింకలు. ఆ దారిలో ఒక తోట గేటు దగ్గర రోజూ రాత్రి రెండు జింకలు రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉండేవి. హారన్ కొట్టినా బెదరవు, లైటు వేసినా కదలవు. జానయ్య ప్రతి రాత్రీ వాటి కోసం స్పీడు తగ్గించి, "అమ్మా, జర పక్కకు" అనుకుంటూ దాటేవాడు. వాటి ధైర్యం గురించి డిపోలో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఇప్పుడు ఎండలో చూస్తే అవి సిమెంటు జింకలు. ఎవరో పట్నం ఆసామి తన ఫాంహౌసు గేటుకు అటొకటి ఇటొకటి పెట్టించుకున్నాడు. ఒకదానికి కొమ్ము విరిగి లోపలి ఇనుప చువ్వ బయటికొచ్చింది. జానయ్య బండి దిగి కడుపు పట్టుకుని నవ్వాడు. తొమ్మిదేళ్ల స్నేహం ఊరికే పోతుందా, పోయేముందు కొమ్మున్న దాని వీపు నిమిరి మరీ పోయాడు.

ఆ తర్వాత కప్పల మడుగు. రాత్రిళ్లు అక్కడికి రాగానే ఇంజను చప్పుడు కూడా వినబడకుండా కప్పలు అరిచేవి. ఏదో మురికి గుంట అనుకునేవాడు. తీరా చూస్తే నిండా తామరలు. ఆకు మీద ఆకు పరుచుకుని, మధ్య మధ్య ఎర్రగా పూలు విచ్చుకుని, ఒడ్డున తంగేడు పసుపుపచ్చగా విరగబూసి ఉంది. బతుకమ్మ రోజులు కావడంతో ఆడవాళ్లు గంపలు పట్టుకుని గునుగు పూలు కోస్తున్నారు. ఇంత అందాన్ని పక్కన పెట్టుకుని తాను కప్పలను తిట్టుకుంటూ పోయాడా అని జానయ్యకు నిజంగానే బాధేసింది. ఒడ్డున కూర్చుని, చూడకుండా పోయిన రాత్రులన్నిటికీ సరిపడా చూశాడు.

గుట్ట మలుపు దగ్గర మాత్రం కథ వేరే. అక్కడ రాత్రిళ్లు ఎడమ పక్క అంతా నల్లగా ఉండేది. చెట్లనుకున్నాడు. చెట్లు కావు. రోడ్డు అంచున గోడ లేదు, రాయి లేదు, ఒకటే లోయ. అడుగున పొలాలు రుమాలంత కనిపిస్తున్నాయి. ఆ మలుపును ఆయన ఒంటి చేత్తో తిప్పేవాడు, రెండో చేత్తో బీడీ వెలిగించుకుంటూ. ఇప్పుడు బండి ఆపి, దిగి, గుట్ట వైపు ఆనుకుని నడిపించుకుంటూ దాటాడు. దాటాక రాతి మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. ఎదురుగా దూరం దాకా గుట్టల వరస, వాటి మీద సీతాఫలం చెట్లు, వానలకు కడిగిన ఆకాశం. "ఇంత మంచి రోడ్డును గుడ్డోని లెక్క తొక్కిన," అని పైకే అన్నాడు. భయం తగ్గాక గర్వం వచ్చింది. తన సర్వీసులో ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు, ఆ లోయ పక్కనే.

అక్కడి నుంచి కొంత దూరం పోయాక ఒక ఊరు వచ్చింది. నల్లరాతి కొండ ఒకటి ఊరి మీదికి వంగి ఉంది. దాని కింద పెంకుటిళ్లు, ఒక గులాబీ రంగు బిల్డింగు, రోడ్డుకు అడ్డంగా మనుషులు. వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు వేసి, పెద్ద పెద్ద డేక్సాలు ఎక్కించి, ఆడవాళ్లు వండుతున్నారు. మగవాళ్లు మోదుగాకు విస్తర్లు కుడుతున్నారు. రోడ్డు బంద్ చేయాలంటే రోడ్డు మీదే ఇల్లు పెట్టాలన్నది ఆ ఉద్యమంలో జనం కనిపెట్టిన పద్ధతి. వచ్చిన వాళ్లకు తిండి పెడతారు, పోతామన్న వాళ్లను పోనివ్వరు.

జానయ్య బండి ఆపి, మెడలో గులాబీ రంగు తువ్వాలు వేసుకున్న ఒక యువకుణ్ని పిలిచాడు. ఆ పిల్లవాడి పేరు లింగస్వామి, అక్కడి జేఏసీ పని అంతా అతనిదే.

"తమ్మీ, దూదిగుట్ట ఇంకెంత దూరముంటది?"

లింగస్వామి ఆయనను పైకీ కిందికీ చూశాడు. "ఎవలు కావాలె?"

"ఎవలని కాదు. నేను దూదిగుట్ట నైట్‌హాల్టు డ్రైవర్ని."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా నవ్వారు. లింగస్వామి నవ్వలేదు. "దూదిగుట్ట డ్రైవరువా? మరి దూదిగుట్ట యాడుందో నీకెర్క లేదా? నువ్వు నిలవడ్డదే దూదిగుట్ట."

జానయ్య చుట్టూ చూశాడు. ఇదా? ఆయన దూదిగుట్ట ఒక దీపస్తంభం, ఒక అరుగు, ఒక మేకు. ఈ కొండ ఎక్కడిది? ఈ ఇళ్లెక్కడివి? గులాబీ రంగు బిల్డింగు అరుగు మీద కళ్లు ఆనించి, అక్కడే కదా తాను పడుకునేది అని పోల్చుకునేలోపే ఎవరో బండి నెంబరు చూశారు.

"ఏపీ పదహారురో! అటుదిక్కు బండి!"

"మఫ్టీల వచ్చిన పోలీసేమో."

"కాదు," అన్నాడు లింగస్వామి, గొంతు పెంచి. "సమ్మె ఇరగ్గొట్టి బస్సు నడుపుతరట. తొవ్వ ఎట్లున్నదో చూసిరమ్మని తోలిండ్రు. చెప్పు పెద్దమనిషీ, ఎవలు తోలిండ్రు నిన్ను?"

పోలీసన్నా ఊరుకునేవాడేమో. సమ్మె విరగ్గొట్టడమనే మాట జానయ్యకు చెంపదెబ్బలా తగిలింది. "నేనా? టెంటుల మొదటి వరసల కూసుండేటోణ్ని నేనా?" అంటూ జేబులు తడుముకున్నాడు. గుర్తింపు కార్డు ఇంట్లో ఉండిపోయింది. తొమ్మిదేళ్లు ఈ ఊరి ఉప్పు తిని, ఈ ఊరి నడిబొడ్డున దొంగలా నిలబడాల్సి వచ్చిందే అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు పొయ్యిల దగ్గరి నుంచి ఒక పెద్దామె వచ్చింది. అరవై దాటి ఉంటాయి. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఉంది. ఆమెను చూసి మగపిల్లలు రెండడుగులు వెనక్కి జరిగారు.

"ఆగుండ్రి పోరగాండ్లు. ఏమయ్యా, జర అటు తిరుగు."

"ఎటు?" అన్నాడు జానయ్య అర్థంకాక.

"అగో, అటు. నీ మొకం మాకేమెర్క? చీకట్ల ఎక్కి ఎన్క డోరుకెళ్లి దిగేటోళ్లం, మేమెన్నడన్న సూసినమా? నీ ఎన్కపక్కనే మాకెర్క."

జానయ్య తిరిగి నిలబడ్డాడు. ఆమె దగ్గరికొచ్చి, గరిటెతో ఆయన కాలరు కాస్త కిందికి నొక్కి చూసింది. "మెడ మీద పుట్టుమచ్చ ఉన్నది. కుడి భుజం దిగి ఉన్నది. ఇగ గొంతు సూడాలె. ఏదీ, పాసింజర్లను లోపలికి జరుగుమను."

నడిరోడ్డు మీద, ఊరికి వీపు పెట్టి నిలబడి, జానయ్య తన డ్రైవరు గొంతు తీశాడు. "డోరు కాడ నిలవడకుండ్రి! జర లోపలికి జరుగుండ్రి! గంపలు కాళ్ల కింద వెట్టుకోండ్రి!"

అంతే, ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. "మన డ్రైవరే! మన డ్రైవరేనే!" అంటూ చుట్టూ మూగి, ఇన్నాళ్లూ వీపు మాత్రమే చూసిన మనిషి ముఖాన్ని కొత్త బిడ్డను చూసినట్టు వంగి వంగి చూశారు. మీసం బాగుందని ఒకామె, ముసలోడనుకోలేదని ఒకామె. లింగస్వామి తన తువ్వాలు తీసి ఆయన మెడలో వేసి, "మాఫ్ చెయ్యి కాకా" అని చేతులు పట్టుకున్నాడు. ఆ పెద్దామె గొంతును మాత్రం జానయ్య గుర్తుపట్టాడు. రోజూ తెల్లవారుజామున సరిగ్గా తన వెనక సీట్లోంచి "డ్రైవరూ, నిమ్మళంగ తోలు, కొత్తిమీర నలుగుతది" అని అరిచే గొంతు. సరూర్‌నగర్ రైతుబజారులో ఆకుకూరలు అమ్ముకునే అండాలమ్మ. ఈ దారిలో ఆయన ఎక్కువగా పోట్లాడింది ఆ గొంతుతోనే.

అందరినీ కూర్చోబెట్టి వడ్డించారు. బువ్వ, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. జానయ్య పచ్చిపులుసు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని, అలాగే ఆగిపోయాడు. వేయించిన నువ్వులు, కాస్త ఎక్కువైన ఉప్పు, చివర్లో పచ్చిమిరపకాయ ఘాటు. ఇంతమంది కోసం చేసినా ఆ చెయ్యి మారలేదు.

"ఈ పచ్చిపులుసు ఎవలు చేసిండ్రు?" అని అడిగాడు.

పాత అలవాటు కొద్దీ అందరూ నవ్వు బిగపట్టుకున్నారు. కానీ కళ్లు చెప్పకుండా ఉండవు కదా, అన్నీ ఒకే వైపు తిరిగాయి. అండాలమ్మ డేక్సా దగ్గర వాళ్లకు వీపు పెట్టి కలుపుతూ, "ఎవలు చేస్తే ఏంది? తిను," అంది.

జానయ్య తినలేకపోయాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. బండి డిక్కీలోంచి చీర తెచ్చి రెండు చేతుల్లో పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"అక్కా, రోజూ నా ఎన్కనే కూసుంటివి. తొమ్మిదేండ్ల సంది ఒక్క మాటన్న చెప్పకపోతివి. మా అమ్మ పోయినంక నా ఆకలి అరుసుకున్నది నువ్వే. నన్ను సొంత తమ్మునోలె సూసినవు. నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె?" అని ఆమె కాళ్ల దగ్గరికి వంగబోయాడు.

"ఏయ్, లెవ్వు లెవ్వు," అని అండాలమ్మ వెనక్కి జరిగింది. చీర తీసుకుని అంచు చూసి, బాగుందన్నట్టు తలూపి, పక్కనున్న గంపలో పెట్టింది. పెట్టి, తాపీగా చెప్పింది. "తెచ్చినంక వద్దంటే మంచిగుండదని తీసుకున్న గని, నువ్వు అనుకున్నట్టు గాదు. నేను నీకు పెట్టలే డ్రైవరూ. బస్సుకు పెట్టిన."

జానయ్యకు అర్థం కాలేదు.

"నీకంటె ముందు గూడ మాకు నైట్‌హాల్టు ఉండె. వచ్చిన డ్రైవరల్లా, ఈడ హోటల్ లేదు, బుక్కెడు బువ్వ పుట్టదని డిపోల మొత్తుకుండ్రు. బస్సు బంద్ జేసిండ్రు. ఇగ సూడు మా గోస. గంపలెత్తుకోని మెయిన్ రోడ్డు దాక నడిస్తే, బజారుకు పోయేసరికి ఆకంత వాడిపోవుడు. ఎవలు కొంటరు? మస్తు కాళ్లు మొక్కితే మళ్లేసిండ్రు బస్సు. అప్పుడు నేననుకున్న, ఈసారి డ్రైవరు ఆకలితోని పండొద్దు. ఆకలైతెనే కదా బస్సు పోయేది. అందుకే డబ్బ వెట్టిన. నువ్వు గాకుంటే ఇంకొకడు."

"మరి పేరెందుకు చెప్పలే?"

"చెప్తే నా బస్సయితది. నన్నొక్కదాన్ని జూసి ఆపుతవు, నా గంపకు జాగ ఇస్తవు. ఊరోళ్లు నారాజైతరు. ఊరి బస్సు ఊరిదే ఉండాలె గద. అందుకే ఎవ్వరు నోరిప్పొద్దన్న."

నిజం చెప్పొద్దూ, జానయ్యకు గుండెలో కలుక్కుమంది. తొమ్మిదేళ్లు తోబుట్టువు అనుకున్న డబ్బా, బస్సుకు పోసిన డీజిలు లాంటిదన్నమాట. ఆమె అక్కడితో ఊరుకోలేదు.

"నువ్వు నౌకరి దిగిపోతున్నవని బస్సుల విన్న. నీ బదులు ఎవలొస్తరు?"

"మహిపాల్ అని... కొత్త పిలగాడు," అన్నాడు నీరసంగా.

"కారం తింటడా?"

"తక్కువ."

"రొట్టె తింటడా, బువ్వనా?"

"బువ్వనే. వంకాయ ముట్టడు."

"సరే," అని ఆమె దాన్ని మనసులో దాచుకుంది. ఆ "సరే" విన్నాక జానయ్యకు ఏదో పొర తొలిగినట్టయింది. ఆమె వైపు కొత్తగా చూశాడు. ఊరు ఊరంతా అర్జీలు పెట్టుకుని, నాయకుల చుట్టూ తిరిగి నిలుపుకోలేని బస్సును, ఈ మనిషి ఒక్కతే, పొద్దంతా బజారులో కూర్చుని, అదే బస్సులో తిరిగొచ్చి, ఆయన స్నానం ముగిసేలోపు పొయ్యి వెలిగించి, ఒక స్టీలు డబ్బాతో తొమ్మిదేళ్లు ఊళ్లో కట్టేసుకుంది. ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరి మెప్పూ కోరలేదు. దారిలో చూసిన తామరలు, లోయలు, కొండలు అన్నీ ఈమె ముందు చిన్నవైపోయాయి. తనకు పెట్టలేదన్న బాధ ఎటు పోయిందో పోయింది. తన బస్సును ఇంతగా ప్రేమించిన మనిషి ఇంకొకరు ఉన్నారన్న సంతోషం మిగిలింది.

అప్పుడు తట్టింది ఆయనకు. "అక్కా, గింత కష్టపడి నిలుపుకున్న బస్సును, ఇయ్యాల రోడ్డు మీద పొయ్యి వెట్టి నువ్వే ఆపుతున్నవా?"

"ఆపుతున్న." ఆమె గరిటె డేక్సా అంచుకు కొట్టి దులిపింది. "సేన్ల కొత్తిమీరంత పూతకొచ్చింది. పాలకూర ముదిరి బర్లకేసిన. పోనీ. నువ్వు జీతం ఇడ్సిపెట్టి కూసుంటివి, పిల్లలు సదువు ఇడ్సిపెట్టిరి, నేను గీ ఆకు ఇడ్సిపెట్టలేనా? మన రాష్ట్రం మనకొచ్చినంక నాకింకో బస్సు కావాలె. పగటి బస్సు. మేం గూడ మా రోడ్డును జర ఎలుగుల సూసుకోవాలె గద."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరో జై తెలంగాణ అన్నారు, అందరూ అందుకున్నారు. జానయ్య కూడా అన్నాడు, టెంటులో అన్నదానికంటే గట్టిగా.

ఇక పోవడానికి తువ్వాలు సర్దుకుంటుంటే అండాలమ్మ ఆయన విస్తరి వైపు చూసింది. కలిపిన బువ్వ అలాగే ఎండిపోయి ఉంది. ఆమె వంగి దాన్ని తీసి పక్కన పడేసింది. కొత్త విస్తరి వేసి, నీళ్లు చల్లి, తన చేత్తో బువ్వ పెట్టింది. గుంట చేసి పచ్చిపులుసు పోసింది. గంపలోంచి ఓ చిన్న గిన్నె తీసి, ఇంకెవరికీ వడ్డించని తొక్కు ఓ మూల పెట్టింది.

"మళ్లెందుకక్కా?" అన్నాడు జానయ్య మొహమాటంగా. "బస్సు లేకపాయె. రేపటి సంది నేను డ్రైవర్ని గూడ గాదు."

అండాలమ్మ ఆయన ఎదురుగా, రోడ్డు మీదే, గొంతుక్కూర్చుంది.

"గందుకే కూసో," అంది. "ఇయ్యాల బస్సు లేదు, డ్రైవరు లేడు. ఇది నీకే పెడుతున్న తమ్మీ. తిను."